అర చుట్టు

క్యాపు మీద చెయ్యి పెట్టొద్దు హేమాద్రీ.
పొద్దున మొగిలి ఘాటెక్కి, మిట్టమధ్యాన్నం దిగొచ్చిన బండి.
నువ్వు దిగినావు గానీ
అది ఇంకా ఘాటులోనే ఉంది. విను,
లోపల నీళ్ళు ఎట్లా గొణుక్కుంటా ఉండాయో.
నా ముంజేతి మీద ఈ మచ్చ ఉందే,
పంతొమ్మిదో ఏట ఒక జీపు మూత
అర నిమిషం ఓపిక లేక తిప్పినందుకు
అది రాసిచ్చిన రసీదు.

కూచో. ఆ లారీ టైరు మీద కూచో.
డబ్బాలో ఏముండాది?
పట్టుపురుగుల గుడ్లా! ఎండలో పెడతారా నాయనా,
ఇట్లా తే. కుండ పక్కన పెట్టి తడి గోనెసంచి కప్పుతా.
పెనుమూరు రైతు తట్టలు కడుక్కొని ఎదురు చూస్తా ఉంటాడు,
ఆయనకు రేడియేటర్ కథ చెప్తే వింటాడా?

ఛీ, పో! ఈ కుక్కపిల్ల ఒకటి.
పచ్చనీళ్ళు తియ్యగా ఉంటాయని నాకేదానికి వస్తాది.
పోయినేడు దీని తల్లి అట్లే పోయింది,
రెండు దినాలు షాపు ముందర అల్లాడి.
ఆ బక్కెట్లో ఇసుక ఇట్లా పారబొయ్యి.
నిండా కప్పు. ఇంకా.

ఇప్పుడు చూద్దాం.
బొట్టు ఇంజిన్ కింద పడతా ఉందని
దోవంతా ఇంజిన్‌ని తిట్టుకుంటా వచ్చినావు.
బొట్టు పడిన చోట ఉండదబ్బా లీకు.
పైన యాడో పుట్టి, ఫ్రేము వెంబడి నడిచి,
బోల్టు తల మీద కాసేపు కూచొని,
వాటం దొరికిన చోట రాలతాది.
తెల్లగా ఉప్పుగట్టిన గీత ఉంది చూడు,
దాని వెంటే వేలు పోనీ.
పైకి. ఇంకా పైకి.
ఇదిగో.
పై హోస్, థర్మోస్టాట్ మెడ కాడ.
పాతబడి చిట్లింది కాదు,
క్లాంపు అంచు రబ్బరును కొరికేసింది.
యా మహానుభావుడు బిగించినాడో గానీ

స్క్రూ తల మీద పసుప్పచ్చ పెయింటు చుక్క.

టీ తాగు. చల్లారిపోతాది.

గ్రీమ్స్‌పేటలో ఆ చుక్క పెట్టేది నేనొక్కణ్ణే.
బిగించిన ప్రతి స్క్రూకూ ఒకటి,
దొరస్వామి చెయ్యి పడింది, ఇంక కదలదు అని.
కార్తీకంలో బిగించింటా.
ఢిల్లీబాబు అప్పుడు నా కాడే ఉన్నాడు.
"చాలన్నా, రబ్బరు ఉబ్బుతా ఉంది" అన్నాడు.
నాకే చెప్తావా అని ఇంకో అర చుట్టు తిప్పినా.
క్లాంపును చూస్తా కాదు,
వాడి మొగం చూస్తా తిప్పినా.
ఆ నెల దాటకముందే ఎదురుగా షోరూములో చేరినాడు.
నీలం చొక్కా. జేబు మీద పేరు కుట్టింటారు.
పొద్దున షట్టరెత్తేటప్పుడు ఇద్దరమూ
ఒకే టైముకు వేరే దిక్కు చూస్తాం.

ఆ బ్లేడియ్యి.
వేలెడు ముక్క కోసేస్తే మిగిలింది మంచి రబ్బరే.
రెండు వారాలు ఆగుతాది, కొత్తది మద్రాసు బస్సులో రావాల.
మెడ మీద ఉప్పు గీకి, ఎమిరీ కాగితంతో రుద్ది,
తుడిచి, కొంచెం తడిపి, తోసి.
ఇప్పుడు ఈ కొత్త క్లాంపు. నువ్వే తిప్పు.
నేను కాదు, నువ్వే.
రబ్బరు అంచు బియ్యపు గింజంత లేస్తానే ఆపు.
ఆపు!
చెయ్యి ఇంకా తిప్పమంటాది. దాని మాట వినొద్దు.
చుక్కా? ఈసారి వద్దులే.

పొయ్యి. కొళాయి నీళ్ళు కాదు, ఆ క్యానులోది,
చిత్తూరు నీళ్ళకు ఇంట్లో బిందెలే ఓర్చుకోలేవు.
స్టార్టు చెయ్యి. హోస్ పిసుకు, వదులు, మళ్ళా పిసుకు.
బుడగ వచ్చింది చూడు, పాలు తాగిన బిడ్డకు తేన్పొచ్చినట్టు.
ఇంకోటి.
ఫ్యాను తిరిగేదాకా ఎవురూ మాట్లాడొద్దు.

తిరిగింది.

ఎంతా? కూలెంటు దుడ్లు మాత్రం ఇయ్యి.
చేతి పనికి వద్దు, అది నా బాకీ.
డబ్బా తీసుకో, గోనెసంచితోనే తీసుకో.
పోతా పోతా ఎదురుగా ఒక నిమిషం ఆగి
ఆ నీలం చొక్కావోడికి ఈ పాత క్లాంపు ఇయ్యి.
ఏమీ చెప్పొద్దు.
చుక్క వాడికి తెలుసు.
పారేస్తే పారేసుకోనీ.