లక్క, లెక్క

నాన్న బండి నిండా పాటలే.
లక్కతో పోసిన నల్ల పళ్లేలు,
చెయ్యి జారితే పెంకులైపోయే పాటలు.
పాత దుప్పట్ల మధ్య వాటిని నిలబెట్టి
కెంటకీ కొండల్లో మలుపు మలుపుకీ బ్రేకు తొక్కుతూ
మంగళవారం మంగళవారం తిప్పేవాడు.
యాభై ఒకటో సంవత్సరం. నాకు తొమ్మిదేళ్లు.
బడి మానడానికి ఒక దగ్గు సరిపోయేది.

మా దారిలో పదకొండు జూక్‌బాక్సులు.
గని దగ్గరి కాంటీను, పెట్రోలు బంకు,
బాప్టిస్టుల కంటపడకుండా గుట్ట వెనక నక్కిన బీరు కొట్టు.
పెట్టె వీపు తెరిస్తే
ఒక్కో పాట పక్కన ఒక చిన్న లెక్క ముల్లు.
వారంలో ఊరు ఎన్నిసార్లు ఏడ్చిందో
అంకెల్లో చెప్పేది.

"ఇక్కడెవడినో పెళ్లాం వదిలేసింది," అనేవాడు నాన్న,
"పదిహేడో నంబరు నూటనలభై సార్లు!"
తాగుడు పాటలు శనివారానివి,
అమ్మ పాటలు ఆదివారం రాత్రివి.
కొరియా మొదలయ్యాక
ఉత్తరాల పాటలకి వారమంటూ లేదు.
అరిగిన పళ్లెం బూడిద రంగుకి తిరుగుతుంది.
జనానికి బాగా నచ్చిన చోటే
గొంతు ముందు పోతుంది.

డెల్ఫియా స్టంబో ఫలహారశాలలో
ఇరవైనాలుగో నంబరు మాది.
పాడింది బాబాయి. ఫిడేలు నాన్న.
సిన్సినాటిలో బూట్ల గోదాము పైగదిలో
రెండు వైపులూ ఒక్క మధ్యాహ్నంలో తీసి
ఇద్దరికీ కలిపి ఇరవై డాలర్లిచ్చి పంపారట.
లేబులు మీద మా ఇంటిపేరులో ఒక అక్షరం తక్కువ.
తర్వాత బాబాయి కార్లకి తలుపులు బిగించడానికి
డెట్రాయిట్ వెళ్లిపోయాడు.
నాన్న ఎడమచేతి వేళ్లు రెండు
బొగ్గు తొట్ల కొక్కేల మధ్య ఉండిపోయాయి.
పాటలో మాత్రం అయిదూ ఉన్నాయి.

ఆ ముల్లు ఎప్పుడు చూసినా రెండు. లేదా మూడు.
ఒకసారి ఒకటి.
"పొరపాటున నొక్కుంటారు" అని తనే నవ్వాడు.
అయిదు దాటని పాట తీసెయ్యాలని కంపెనీ చీటీ.
నాన్న ఆ చీటీని నాలుగు మడతలు పెట్టి
సిగరెట్ల జేబులో వేసుకునేవాడు.

మార్చిలో ఒక మంగళవారం
ముల్లు ముప్పై ఒకటి చూపించింది.
నాన్న గోటితో తట్టి చూశాడు. కదల్లేదు.
టోపీ తీశాడు, మళ్లీ పెట్టుకున్నాడు.
నేను అడక్కుండానే
నాకు ఆపిల్ పై తెప్పించాడు.

తర్వాత డబ్బుల గల్లా బోర్లించాడు.
కొట్టువాళ్లకి మేమే కొన్ని బిళ్లలిస్తాం,
గిరాకీ లేని వేళ పెట్టె మూగబోకుండా
వాళ్లే వేసుకోడానికి.
గుర్తుకి గోళ్ల రంగు పూస్తారు. అవి లాభంలోకి రావు,
ఏరి తిరిగిచ్చెయ్యాలి.
తెల్లవి ఇటు, ఎర్రవి అటు.
ఎర్రవి నలభై.
ఎప్పుడూ తొమ్మిదే ఉండేవి.

అప్పు తెచ్చుకుని తీసివేయడం
ఆ ఏడే నేర్పారు మాకు.
సున్నాలోంచి తొమ్మిది పోదు,
పక్కింటికెళ్లి ఒక పది అడగాలి.
నోట్లో పై అలాగే ఉండిపోయింది.
తలెత్తి చూస్తే డెల్ఫియా కాఫీ పోస్తోంది.
అదే ఎరుపు, పది గోళ్లకీ,
కుడి బొటనవేలి మీద కొంచెం లేచిపోయి.

నాన్న నలభై బిళ్లలూ పేర్చాడు, కాగితంలో చుట్టాడు,
గల్లా పక్కన పెట్టాడు.
"ఈ వారం ఇరవైనాలుగు బాగా ఆడింది."
"గని కుర్రాళ్లకి ఎక్కింది" అంది ఆవిడ
కాఫీ కుండతో మాట్లాడుతున్నట్టు.
"అలాగా."
"మరి."
అంతకంటే ఎవరూ ఏమీ అనలేదు.

వెళ్లబోతూ నాన్న ముల్లుని సున్నాకి తిప్పాడు.
పళ్లెం తియ్యలేదు.
కొత్త సూది ఒకటి, ఇంకా నెల వాడొచ్చు పాతది,
అయినా మార్చాడు.

దిగువ రోడ్డులో వాన పట్టుకుంది.
స్టీరింగు మీద వేళ్లు ఏదో వరస మీటుతున్నాయి.
మూడే వేళ్లు.
ఆగాల్సిన చోట ఆగి,
లేని రెంటికీ చోటు వదిలి.

నేను కిటికీ వైపు తిరిగి
మెల్లగా దగ్గి చూసుకున్నాను,
వచ్చే మంగళవారం కోసం.