దిబ్బ దగ్గర సాక్ష్యం

నాకప్పుడు తొమ్మిదేళ్ళు.
ఒల్షాంకా పెద్దదొర పోయి నలభై రోజులు కాలేదు,
మంచు పూర్తిగా కరగనే లేదు,
ముగ్గురు కొడుకులూ పొలం మీదికి కొలతాడు తెచ్చారు.

మా వైపు ఆనవాయితీ ఒకటుంది:
పెద్దవాడు పంచుతాడు, చిన్నవాడు ముందు ఏరుకుంటాడు.
కోసిన చేతికి దక్కేది చివరి ముక్క.
అందుకే హియెరోనిమ్ దొర మూడు రాత్రులు పడుకోలేదు.
కొవ్వొత్తి కింద కాగితం, కాగితం మీద నారెవ్ ఏరు.
ఏటి పక్క రై చేలు ఒక వాటా,
అడివీ తేనెపట్లూ ఒక వాటా,
నీటిమర, దాని వెనకాల రెల్లు మొలిచిన బురద ఒక వాటా.

మేమూ ఉన్నాం ఆ కాగితంలో,
చేపల చెరువుకీ గుర్రాల కొట్టానికీ మధ్య:
"రైతు కుటుంబాలు పదకొండు, ఎడ్లతో సహా."
పదకొండుని మూడుతో భాగిస్తే రెండు మిగులుతాయి.
ఆ మిగిలిన వాటిలో ఒకటి మాది.
వారానికి మూడు రోజులు ఒక దొరకి, రెండు రోజులు ఇంకో దొరకి
అని రాసుకున్నారు మా నాన్న వెన్నెముకని.

చిన్నవాడు సెంజివుయ్‌కి పదిహేడేళ్ళు, మీసం ఇంకా నూగే.
అతను కాగితం చూడలేదు, అన్న మొహం చూశాడు.
రై చేల మీద వేలు పెట్టాడు. అన్న కదల్లేదు.
అడివి మీద పెట్టాడు. కదల్లేదు.
బురద మీద పెట్టేసరికి
అన్న వంగి తన బూటు చూసుకున్నాడు.
"ఇదే" అన్నాడు చిన్నవాడు.
ఆ మరకి ఏడాదికి ఎన్ని బస్తాల పిండి రుసుమొస్తుందో
ఆ పూట దాకా ఒక్క పెద్దవాడికే తెలుసు.

అక్క జుజన్నా వాటా నాణాల్లో ఇచ్చారు.
ఆవిడ లెక్కపెట్టలేదు, తూచింది.
రెండు తేలిగ్గా ఉన్నాయని వెనక్కిచ్చింది.

మూలమూలనా దిబ్బలు పోశారు.
దిబ్బ కింద బొగ్గు, పగిలిన గాజు, కుండ పెంకులు.
కుళ్ళని వాటినే సాక్ష్యానికి పాతుతారు.
నోరున్న సాక్షి కూడా ఒకడు కావాలిగా.
నన్ను పిలిచి చేతిలో తేనె రొట్టె పెట్టారు.
కొరికేలోగా
నడిపివాడు బార్తోష్ ఈడ్చి కొట్టాడు, ఎడమ చెవి కింద.
"గుర్తుంటుందా, ఇక్కడే?"
"ఉంటుంది దొరా."
రొట్టె మట్టిలో పడింది. ఏరుకుని తిన్నాను.

తరవాత అరవై అయిదేళ్ళు.
కొడుకులకి కొడుకులు, వాళ్ళకి మళ్ళీ వాళ్ళు.
నీటిమర ఒక్కొక్కరికి వారంలో ఒంటిపూట. రొట్టెల పొయ్యి సగం సగం.
ఒక పియర్ చెట్టుంది: కొమ్మ మీది కాయలు ఒకడివి, రాలినవి ఇంకొకడివి,
గాలి వీస్తే తగువు.
ఇప్పుడు ఒల్షాంకాలో పద్నాలుగు మంది దొరలు,
మా ఇళ్ళకంటే మూడెక్కువ.
ఎద్దుకి మేత లేనివాడు కూడా నడుముకి కత్తి కట్టుకునే నాగలి పడతాడు.
దొర కుక్క సొంత నేల మీద పడుకుంటే
దాని తోక పక్క దొర రాజ్యంలో ఆడుతుందని
మా ఆడవాళ్ళు బట్టలుతుకుతూ నవ్వుకుంటారు.

ఇవాళ కొలతల అధికారి బండి దిగాడు.
దిబ్బ కనపడటం లేదట. వాన కొంత కడిగింది,
రెండు వైపులా నాగళ్ళు కొంచెం కొంచెం కొరుక్కు తిన్నాయి.
నాకూ చూపు పోయింది.
చెవి కింద తడుముకున్నాను. అది ఆ రోజు నుంచీ వినపడదు.
మర చప్పుడు ఆ చెవిటి వైపుకి వాలి
మొత్తం ఆగిపోయేదాకా నడిచి,
"తవ్వండి" అన్నాను.

ముందు గాజు తగిలింది. తరవాత బొగ్గు,
నిన్న ఆర్పినట్టే నల్లగా ఉందన్నారు.
బొగ్గుకి అటు మూడడుగులని కొందరు, ఇటు మూడడుగులని కొందరు
పద్నాలుగు గొంతులు లేచాయి.
ఇన్నేళ్ళలో అన్నీ పంచుకున్నారు గాని
ఈ దెబ్బలో ఎవరూ వాటా అడగలేదు.
ఇంకా ఒక్క ముక్కగానే నా దగ్గరుంది.

"ముసలాడింకెన్నాళ్ళు?" అన్నాడెవడో.
అందరూ ఒక్కటైంది ఆ మాట దగ్గరే.
మా మనవడు షిమెక్‌ని కేకేశారు.
వాడి చిన్న అడుగులు నా పక్కకొచ్చి ఆగాయి.
తేనె రొట్టె వాసన.

"తొందరగా తినెయ్‌రా," అన్నాను,
"ముందు తినెయ్."