విలువ కట్టకు

పర్లాకిమిడి కాలేజీలో మధ్యాహ్నం ల్యాబు.
కరెంటు అప్పటికే రెండుసార్లు పోయి వచ్చింది.
పదకొండు కంప్యూటర్లు, ఇరవై ఆరుగురు పిల్లలు,
బోర్డు మీద ఒడియాలో తేదీ,
దాని కింద నా తెలుగు గొంతు.

సమానం గుర్తు ఏ పనీ చెయ్యదర్రా, అన్నాను.
ఊరికే ఒక మాటంటుంది, ఇదీ అదీ ఒకటేనని.
నిజమో కాదో దానికి పట్టదు.
పని చేసేది కోలను.
ఒకదాని నెత్తిన ఒకటెక్కిన రెండు చుక్కలు
ఎడమన నిలబడ్డ పేరుకి
కుడి పక్కది అంటగట్టేసి పోతాయి.

వెనక బెంచీలో పట్నాయకుల పిల్ల నవ్వింది:
"మా పెదనాన్న సమానం మేడమ్, మా పెద్దమ్మ కోలను."

నూరు పక్కన ఆశ్చర్యార్థకం కొట్టించాను.
నూట యాభై ఎనిమిది అంకెలు
బస్తా చిరిగి వడ్లు కారినట్టు తెరనిండా.
చివర్న ఇరవై నాలుగు సున్నాలు.
లెక్కపెట్టింది నేను కాదు, సింహాద్రి.
ప్రతి బ్యాచీలోనూ ఒకడుంటాడు.

నక్షత్రం పెడితే ముందువెనకల పట్టింపు లేదు.
చుక్క పెడితే ఉంది.
గొడుగు విప్పి వానలోకి దిగడం వేరు,
దిగాక విప్పడం వేరు.
మహేంద్రతనయ పొంగిన రోజు తడిసొచ్చినవాళ్లకి
ఇది విడమరిచి చెప్పక్కర్లేదు.

సెమికోలనుతో ముగిస్తే జవాబు చూపిస్తుంది.
డాలరుతో ముగిస్తే లెక్కంతా చేస్తుంది, నోరు విప్పదు.
ఇక్కడ కాస్సేపు ఆగాను.
ఎందుకో రాయను. డాలరు.

అప్పుడు లేచాడు ఎనోస్ రయిత.
సెరంగో పైనుంచి కొండ దిగి వస్తాడు.
మాట్లాడేదే తక్కువ, అదీ మూడు భాషలు దాటుకుని.
"ఎక్స్‌కి నానేటీ ఇవ్వలేదు మేడమ్.
మరి తప్పు అనలేదేటి?"

నిజమే.
పోయిన నెల నేర్పిన భాషయితే
ఎర్రక్షరాల్లో అరిచేది, ఎవరీ ఎక్స్ అని.
ఇది అరవలేదు.
ఎక్స్‌ని ఎక్స్‌గానే చెయ్యి పట్టుకుని
వర్గం చేసింది, విప్పింది, కూడింది,
ఆఖరి వరస దాకా వెంట తెచ్చింది.

వాడి పేరు మా రిజిస్టర్లో ఒకలా,
రేషన్ కార్డులో ఇంకోలా,
కులం సర్టిఫికెట్లో మూడోలా ఉంటుంది.
తహసీలు గుమస్తా అడిగాడట, వీటిలో నువ్వెవడివని.
మూడు కోలన్లు. చివరిదే చెల్లుతుంది.

పేరు ముందు చిన్న గాటు పెట్టడం చూపించాను.
గోటి అంచంత ఉంటుంది తెర మీద.
ఇది పెడితే విలువ కట్టదు, అన్నాను.
ఎవరేం అంటగట్టి ఉన్నా సరే
పేరు పేరుగానే బయటికొస్తుంది.

వాడు కొట్టాడు.
గాటు, ఆ వెనకే వాళ్ల ఊరి పేరు,
మ్యాపులో ఉన్నట్టు కాదు, వాళ్లమ్మ పలికేట్టు.
తెర దాన్ని అలాగే తిరిగిచ్చింది.

కరెంటు మళ్లీ పోయింది.
శాతం గుర్తు కొడితే ఇందాకటి జవాబు వస్తుందని
ఇంకా చెప్పనేలేదు నేను.
చీకట్లో అది పనిచెయ్యదు కూడా.
ఎనోస్ మాత్రం కుర్చీలోంచి లేవలేదు,
నల్లటి తెరకేసి చూస్తూ కూర్చున్నాడు.