నూటికి ఎంత

తాడిపత్రి పాలిష్ మిల్లులో
బండ కోసే బ్లేడు
మా ఓబులేసు కుడిచేతిని కూడా బండే అనుకునె.
బొటనవేలు, దాని పక్కవి రెండు.
బూడిదరంగు నీళ్లలో ఎరుపు కనపడనే లేదంట,
జిలానీ బాషా పరుగెత్తొచ్చి మెయిను ఆపేదాకా.

ఎడమచేత్తో సంగటి తినను సిగ్గుపడి
ఇప్పటికీ గోడ దిక్కు తిరిగి కూచుంటాడు.

మూడు నెల్లకు సదరం క్యాంపు.
ఎముకల డాక్టరు వేళ్లు లెక్కబెట్టలేదు,
పుస్తకంలో పట్టీ చూసి
నూటికి నలభై రెండు అని రాసినాడు.
కింద ఇంగో మాట: తాత్కాలికం.
రెండేండ్లకు మల్లా చూపించుకోవల్ల.
'రెండేండ్లకు ఏమన్నా మొలుస్తాయా సామీ?' అంటి.
ఆయప్ప నవ్వలేదు.
నా ఎనక ఎనభైమంది నిలబడుకోనుండారు.

నలభై దాటితేనే పింఛను.
మా ఇంటి పొయ్యి వెలిగేది
ఆ మిగిలిన రెండు మీదనే.
'గట్టెక్కితిరి అక్కా' అనె సచివాలయం హేమావతి.

ఇంగోటి ఉండాది.
మిల్లులో జేరినప్పుడు కూలిలో నెలకింతని పట్టుకోని
కట్టించిన పాలసీ.
నాలుగేండ్లు ట్రంకుపెట్టెలో
రేషన్ కార్డు కింద పండుకోనుండె.
దాన్ని లేపుకోని అనంతపురం పోతిమి.

సుభాష్ రోడ్డులో మిద్దెపైన ఏసీ ఆఫీసు.
వాళ్ల పట్టీ వేరే.
బొటనవేలికింత, చూపుడువేలికింత,
కణుపు కణుపుకూ ధర.
కూడితే నూటికి ముప్పై ఒకటి.

ఒకే చెయ్యి.
పెద్దాసుపత్రిలో నలభై రెండు, మిద్దెపైన ముప్పై ఒకటి.
నడమ ఉండేది నాలుగు వీధులు.
ఆ పదకొండు యాడ రాలిపోయెనో,
ఆటోలోనా, మెట్లమీదనా,
నేను కొంగు గూడా దులిపి చూసుకుంటి.

'ఆ ముప్పై ఒకటన్నా ఇయ్యండప్పా' అంటే
సర్కారు కాగితం జూపించమనిరి. జూపిస్తిమి.
టై కట్టుకున్న పిల్లోడు
తాత్కాలికం అనే మాట చుట్టూ పెన్నుతో సున్న చుట్టి
'శాశ్వతం కాకుంటే మా రూల్లో లేదమ్మా' అనె.
పింఛనిచ్చిన కాగితమే
పాలసీకి అడ్డం పండుకునె.

ఊరికొచ్చి హేమావతిని అడిగితి.
'రెండేండ్లు ఆగల్ల అక్కా. ఇంగ ఆ డబ్బు ఖాతాలో పడితే
మీ పింఛను మల్లా ఎంక్వైరీకి వస్తాదేమో, నాకూ తెల్దు.'
తెల్దని చెప్పింది ఆ పిల్లొక్కతే.

ఒక చెయ్యి ఇచ్చేదాన్ని
ఇంగో చెయ్యి ఓరకంట చూస్తాంటాదని
అప్పుడు తెలిసె మాకు.
మాకేమో ఉండేదే ఒకటిన్నర.

మల్లా పోతిమి, అప్పీలంట.
ఫారంలో పదమూడో గడి:
వేరే యాడన్నా సాయం అందుతాందా?
అవునంటే ఏం తెగుతాదో
కాదంటే ఏం తగులుకుంటాదో.
గడిని అట్లే ఇడిచిపెట్టి కిందికి దిగి
ఒక టీని ఇద్దరం తాగితిమి.
'అబద్ధమెందుకులే' అనె ఓబులేసు.
అవును అని నేనే రాస్తి.

కడాకు సంతకం.
ఎడమచేత్తో, నాలిక కొరుక్కుంటా గీసినాడు.
పిల్లోడు పాత కాగితం దీసి పక్కన బెట్టి
'కలవడం లేదమ్మా' అనె.
ఎట్ల కలుస్తాదప్పా?
ఆ సంతకం పెట్టిన వేళ్లకే కదా
నువ్వు ధర కడతాండేది!
ఈ మాట నేను ఆడ అన్లేదు.
బస్సులో, శింగనమల దాటినంక అంటి, కిటికీతో.

పింఛనుకైతే ఎడమ బొటనవేలు ఒత్తితే చాలు,
మిషను పచ్చగా వెలుగుతాది.

ఇప్పుడు పొద్దుగూకితే వాకిట్లో
మిల్లు నుంచి తెచ్చుకున్న పగిలిన నల్లబండ ముందర కూచుంటాడు.
చెంబులో ఎడమ చూపుడువేలు ముంచి
పేరు రాస్తాడు,
పాత కాగితంలో మాదిరే ఓ తోక పైకెత్తి.
బండ ఇంకా కాలతానే ఉంటాది.
సు కాడికి వచ్చేసరికి
ఓ ఆరిపోయింటాది.
మల్లా ముంచుతాడు.

చెంబు సగమైతే
నేను లేసి నింపుకోనొస్తా.