నీలిమంట పోయేదాకా

సారెమా దీవిలో అక్టోబరు.
లెయిదా పొగగొట్టంలోంచి నేను దించిన మసి
అర బకెట్టు కూడా లేదు.
"ఎండిన బర్చ్ కదా," అంటుంది, గర్వం దాచుకోకుండా.

రెండు కట్టెలు ఒకదానికొకటి కొట్టి వినిపిస్తుంది:
ఠంగుమంటే రెండు వేసవులు చూసినట్టు,
దబ్బుమంటే ఇంకా అడవిలోనే ఉన్నట్టు.

లావు కట్టెలు అడుగున, పుల్లలు పైన.
మంట కిందికి దిగుతుంది,
మోకాళ్ల నొప్పులున్న మనిషి మెట్లు దిగినట్టు.
పొగ లేదు.

ఆ తర్వాతే ఆమె అసలు పని. కూచోవడం.
కట్టెలు నిప్పులయ్యాయి.
గొట్టంలో రేకు మూసేస్తే వెచ్చదనం ఇంట్లోనే ఉంటుంది,
నా చెయ్యి దురదపెడుతోంది.
ఆమె కదలదు.
నిప్పుల మీద చిటికెడు నీలం ఇంకా ఆడుతోంది.

"మా తమ్ముడు అర్వో తొందరగా మూశాడు,
పిల్లలకి చలి అని.
తెల్లారి, బయట కట్టేసిన కుక్క ఒక్కటే మొరిగింది."

కాఫీ పోస్తుంది.
ఇనప కడ్డీతో నిప్పులు కెలుకుతుంది.
మళ్లీ ఒక నీలి నాలుక.
మళ్లీ కూచుంటుంది.

"వేడంతా పైకి పోతోంది, లెయిదా."
"పోనీ.
ఆకాశానికి మాత్రం చలెయ్యదా?"

మసి చేతుల్తో కప్పు పట్టుకుని
నేనూ కుర్చీ దగ్గరికి లాక్కున్నాను.