నిమిషానికి నలభై ఏడు

రాత్రి పదకొండు దాటినంక
స్టీలు గిలాస మీద చెంచతోని కొట్టుకుంట కూసుంట.
చెవిల పాట, చేతిల గడియారం.
పదిహేను సెకన్లకు ఎన్ని దెబ్బలో లెక్కవెట్టి
నాలుగుతోని గుణిస్త.
అరవై ఐదొస్తె ఎత్తు.
తొంభై దాటితె చదును.
నడిమధ్యల తేలేటివి
ఎంత మంచి పాటలైనా పక్కకు.

పక్కింటి ఉమామహేశ్వర్ గోడ మీద తడ్తడు.
"మాస్టరూ, పెండ్లా ఏంది?"
కాదన్న, పొద్దుగాల ఐదుమ్ముప్పావుకు క్లాసు.

కొండాపూర్‌ల, టిఫిన్ సెంటర్ మీద మూడో అంతస్తు.
ఇరవై రెండు సైకిళ్లు. ఒక్కదానికీ వెనుక చక్రం లేదు.
కిటికీలు మూసి, నీలం బల్బులు ఏసి,
ఎటూ పోకుంట చెమటలు కక్కుతరు.
నెలకు మూడు వేల ఐదొందలు.
మా అవ్వ ఇది విన్ననాడు
చాటల బియ్యం అట్లనే ఆపి
"ఎటు వోతరు బిడ్డా మరి?" అన్నది.
ఎటూ పోరవ్వా.
"పోనోళ్లకు పాటలెందుకు?"
దానికి జవాబు ఇప్పటిదాంక దొరకలె.

నేను తొక్కిననాడు పాట లేకుండె.
చింతల్‌బస్తీ నుంచి పాల ప్యాకెట్లు,
హ్యాండిల్‌కు రెండు సంచులు, వెనుక ఒక డబ్బా.
మాసాబ్ ట్యాంక్ దాటి
బంజారాహిల్స్ ఒకటో నంబరు రోడ్డు ఎక్కుతుంటె
చైను ఒక్కటే మాట్లాడేది:
కిర్రు. కిర్రు. ఇగ దిగు. కిర్రు.

ఆ ఎత్తునే ఇప్పుడు పాటలల్ల ఎతుకుతున్న.
డప్పు గట్టిగ ఉంటె సాలదు.
తొడలు మండేకాడ
పాడేటోడు ఊపిరి తీసుకోవాలె,
అప్పుడు వీళ్లూ తీసుకుంటరు.

అందరికీ వచ్చిన పాట పెట్టద్దు,
ఇది దెబ్బతిని నేర్సుకున్నది.
పోయిన శ్రావణంల ఒకటి పెడితె
బ్యాంకు మేనేజరు ఫణిభూషణ్
పాడుడు షురూ చేసి తొక్కుడు మర్సిండు.
తీన్మార్‌తోని ఇంకో కష్టం.
ఇద్దరు నిలవడి చేతులు ఇడిసిన్రు.
తీన్మార్‌కు కాళ్లు భూమిని అడుగుతయి,
పెడల్ సాలదు.

మృణాళిని మేడమ్ కథ వేరే.
అరవై ఒకటేండ్లు, కుడి మోకాలుకు కుట్లు,
ఫ్యాన్ కింద చివరి సైకిల్.
ఒకనాడు టవల్ మడత పెట్టుకుంట
"నాదొకటి పెడతావా?" అని వాట్సాప్‌ల పంపింది.
రేడియో ముంగట టేపు పెట్టి పట్టిన పాట.
నడుమ ఎవరిదో దగ్గు.

గిలాస మీద కొట్టి చూసిన.
నలభై ఏడు.
నలభై ఏడుకు తొక్కితె సైకిల్ ఆగినట్టే.
యాప్‌ల వేగం పెంచిన, గొంతు చిట్టెలుకైంది,
దగ్గు తుమ్మయింది.
మూడు రాత్రులు.
సారీ మేడమ్ అని టైపు చేసి, కొట్టేసిన.

నాలుగో రాత్రి కరెంటు పోయింది.
గిలాస ఎక్కడున్నదో కనపడలె.
చీకట్ల ఊరికెనే ఇంటుంటె
మోకాలు దానంతటదే ఊగుతున్నది,
దెబ్బకు ఒకసారి గాదు, రెండుసార్లు.
తొంభై నాలుగు!
చదును. సాఫ్ చదును.
పాట నెమ్మదిగ లేకుండె,
నేనే సగం లెక్కవెట్టిన.

బేస్తవారం పెట్టిన, ఆరో పాటగ.
"మాస్టర్, స్పీకర్ ఖరాబైందా?" అన్నడు ఫణిభూషణ్.
ఇద్దరు నీళ్లు తాగిన్రు. ఒకాయన ఫోన్ చూసిండు.
చివరి సైకిల్ మీద ఆమె తల ఎత్తలె.
కాళ్లు మాత్రం
వాన ఎలిసిన రోడ్డు దొరికినట్టు తిరిగినయి.
దగ్గు వచ్చినకాడ ఒక్కసారి నవ్వింది.
ఎవరిదని నేను అడగలె.

మళ్ల ఆమె ఆ పాట అడగలె. నేను పెట్టలె.
జాబితాల మాత్రం ఉన్నది,
ఎదురుంగ నలభై ఏడు కొట్టేసి ఉన్నది.

ఏడుంపావుకు తాళం ఏసి
కింద ఇడ్లీ ఆవిరిలకెల్లి నా సైకిల్ బయటికి తీస్త.
దీనికి వెనుక చక్రం ఉన్నది.
ఇయర్‌ఫోన్లు జేబుల పెట్టుకుంట.
కొత్తగూడ ఫ్లైఓవర్ కింద మలుపుకాడ
వెనుకొచ్చే బస్సు ఇనపడాలె గద.