జోకుకు రానివి

రాళ్లవాగు వంతెన దిగంగనే ఎడమ దిక్కు
నీలం రేకుల దుకాణం మాది.
పందొమ్మిదేండ్ల సంది జోకుతున్న.
ఇనుము, అట్టలు, సీసలు,
బాయి పని దిగిపోయిన మనిషి అమ్ముకున్న
బొగ్గు టోపీ సుత జోకిన.
కండ్లతోనే కిలలు చెప్తనని
ఓదెలు సేటు చుట్టాల ముందర మెచ్చుకుంటడు.

నీళ్ల సీసకు ధర ఉన్నది.
కుర్చీ ఇరిగినా ధరే, బకీటు పలిగినా ధరే,
కడిగి ఎండబెడితే పాలకవరుకు రూపాయో రెండో.
ఆడికి లెక్క ఆగుతది.

మొన్న ముసురుకు ముందు బుచ్చక్క వచ్చింది.
యూరియా సంచి, నోటికి చీర పేలిక కట్టి.
నెత్తి మీదికెళ్లి దించింది
దూది దించినట్టు.
"నెల రోజులు ఏరిన మొగిలీ, జెర జోకు."

ఇప్పిన.
రూపాయి షాంపూలు. గుట్కా పొట్లాలు.
బస్టాండు కాడి చాయ గిలాసలు, తూటు పడ్డ కల్లు కవర్లు.
పత్తి గింజల సంచి మూల కోసిన తునకలు,
ఏ చేన్ల ఏ పొద్దుగాల కోసిండ్రో.
పురుగుమందు డబ్బా మూతి సీలు.
అడుగున ఒక ప్లాస్టిక్ చేమంతి.
తంగేడు దొరుకలేదని నేనే కొనుక్కచ్చిన,
పోయినేడు నా బిడ్డ బతుకమ్మల పెట్టి
ఈ వాగులనే ఇడిచింది.
ఏమనలేదు. పక్కకు జరిపిన.

మిషిను మీద పెడితే
ఎర్ర అంకెలు కొంచెం కదిలి
సిగ్గుపడ్డట్టు ఆగినయి.
కిలకు తక్కువ.
హైదరాబాదు ఫ్యాక్టరోడు పలుచని మాలు ముట్టడు,
పొర మీద పొర, లోపట వెండి, కరగదంట.
"తీసుకపో అక్కా, ఇది జోకుకు రాదు."

బుచ్చక్క తిట్టలేదు.
తిడితే మంచిగుండు.
నీళ్లడిగి తాగింది, చెంబు కడిగి బోర్లించింది,
సంచి మళ్ల నెత్తికెత్తుకొని
వంతెన దిక్కు నడిచింది.
మలిగి వచ్చేటప్పుడు
సంచి మడిచి చంకల పెట్టుకున్నది.
సంచికి ధర ఉన్నది మరి.

ఆ రాత్రి వాన.
తెల్లారి చూస్తే ఒడ్డంతా సాఫు.
ముండ్లకంపకు తట్టుకున్నయి సుత లేవు.
ధర అడుగక, తడి పొడి చూడక
వాగు అన్నీ తీసుకున్నది.
బొగ్గు లారీల టైర్లు అరిగి రాలిన నల్ల దుమ్ము,
మా ఇంటామె చీర ఉతికితే బకీట్ల తేలిన నూగు,
చిటికెడుకు రానివి సుత.
గోదావరికి గేట్లెత్తిండ్రని టీవీల చెప్పిండ్రు.
మంథని, కాళేశ్వరం, ఏటూరునాగారం...
ఆ ఊర్ల వాగులు సుత తమ తమ మూటలతోని
దారిల నిలబడే ఉంటయి,
అంగడికి పోయే బండ్ల లెక్క కలుస్తయి.

సముద్రం నేను చూడలే.
ఓడలోళ్లే పారేస్తరనుకున్న ఇన్నేండ్లు.
చేపల లారీ డ్రైవరు, అమలాపురం దిక్కోడు,
వలేస్తే చేప కంటే ముందు కవరే వస్తదన్నడు.
"మీ దిక్కే పారేస్తరు" అన్న, నవ్వుకుంట.
ఆయన నవ్వలే.
"మొన్నొకటి వచ్చిందండి,
పొట్లం మీద మంచిర్యాల బేకరీ పేరుందండి."

ఈ పొద్దు దుకాణం తెరిచి
దుమ్ము తుడుద్దామని మిషిను పళ్లెం ఎత్తిన.
ఎర్రగ మైనస్ వచ్చింది.
పళ్లెం తీస్తే అట్లనే చూపిస్తది, నాకెరుకే.
అయినా జెరసేపు
పళ్లెం చేతుల పట్టుకొనే నిలబడ్డ.

బయట బుచ్చక్క
మడిచిన సంచి ఇప్పి దులుపుతున్నది.